‘ఎల్ నీన్యో’: ఒక స్పానిషు మాట, దాని అర్థము, ప్రయోగము

ఏటేటా వేసవి ముదురుచుండగా, రాబోవు వానకాలమును గూర్చిన అంచనాలు రేడియోలో వినవచ్చుచుండును. ఏప్రిలు నడుమ భారత వాతావరణ శాఖ తొలి అంచనాను ప్రకటించును. మే నెలాఖరున దానిని సవరించి మరల చెప్పును. ఈ వార్తలలో తరచుగా ఒక మాట దొర్లుచుండును. అది తెలుగు కాదు, సంస్కృతము కాదు, ఇంగ్లీషును కాదు. మన పత్రికలు దానిని ‘ఎల్ నినో’ అని వ్రాయుచున్నవి. ఈ మాట చెవిని పడగానే, అనంతపురము జిల్లాలో వేరుశనగ విత్తనము సమకూర్చుకొనుచున్న రైతు మనస్సులో ఒక శంక పుట్టును. ఈ యేడు వానలు లేవు కాబోలు అనుకొనును. విత్తనము ఎంత కొనవలె, అప్పు ఎంత చేయవలె అను లెక్కలన్నియు తారుమారగును. ఒక్క మాట ఇంత పని చేయుచున్నప్పుడు, అది ఎక్కడ పుట్టినదో, దాని అర్థమేమో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొనుట మనకందరకు అవసరము. ఈ ప్రసంగములో ఆ మాటనే విచారింతము.

ముందుగా మాటను చూతము. స్పానిషు భాషలో ‘నీన్యో’ అనగా పసివాడు, బాలుడు. ‘ఎల్’ అనునది పుంలింగ నామమునకు ముందు వచ్చు చిన్న పదము. ఇంగ్లీషులోని ‘ది’ వంటిది. స్త్రీలింగమునకు ముందు అది ‘లా’ అగును. కనుక ‘ఎల్’ అనునది ఇంటిపేరు వంటిది కాదు, మాటలో విడదీయరాని భాగమును కాదు. ఇక ఉచ్చారణ సంగతి. ఈ మాట నడుమనున్న అక్షరము ‘న’ కాదు. స్పానిషు లిపిలో దాని నెత్తిపై అలవంటి చిన్న గీత యొకటి యుండును. ఆ గీతతో అది స్పానిషు అక్షరమాలలో తనకంటూ స్థానము గల వేరొక అక్షరమగును. దాని ధ్వని మన ‘ఞ’ ధ్వనియే. చవర్గములో చివరిదైన ఈ అక్షరమును మన పిల్లలు పలకపై దిద్దుటయే కాని, విడిగా దానితో పని పడుట అరుదు. ఈ విదేశ పదములో దానికి సరియైన పని దొరకినది. ‘ఎల్ నీఞో’ అని వ్రాసినచో పలుకుబడి చక్కగా కుదురును. ఐనను చదువరుల సౌకర్యము కొరకు మేము ‘ఎల్ నీన్యో’ అనియే వ్రాయుచున్నాము. ‘ఎల్ నినో’ అని అలవాటుపడినవారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు.

స్పానిషు దేశీయులు ఇదే మాటను పెద్ద అక్షరముతో మొదలిడి వ్రాసినచో అది ఏదో ఒక బాలుని గూర్చి కాదు. బాలక్రీస్తును గూర్చినదని అర్థము. మన రామాలయపు వీధిలో ‘స్వామి ఊరేగింపు’ అన్నచో ఏ స్వామియో ఎవరును అడుగరు గదా! అట్లే క్రైస్తవ దేశములందు క్రిస్మసు దినములలో ‘ఆ బాలుడు’ అన్నచో ఎవరో చెప్పనక్కరలేదు.

ఈ పవిత్రనామము సముద్రమునకు ఎట్లు అంటినది? దక్షిణ అమెరికా పడమటి తీరమున పెరూ దేశమున్నది. దాని ఉత్తర భాగమున పైతా అను రేవు కలదు. ఆ రేవునుండి చిన్న నావలలో తీరము వెంబడి తిరుగు నావికులు, క్రిస్మసు పండుగ దాటిన పిమ్మట ఉత్తరమునుండి దక్షిణమునకు ఒక వెచ్చని ప్రవాహము వచ్చుటను ఏటేటా గమనించుచుండిరి. బాలక్రీస్తు జన్మదినపు రోజులలో వచ్చునది కాబట్టి, దానిని ‘కొర్రియెంతె దెల్ నీన్యో’, అనగా ‘బాలుని ప్రవాహము’ అని పిలిచిరి. ఈ సంగతిని 1892లో కమీలో కర్రీయో అను పెరూ నౌకాదళాధికారి లీమా భూగోళ సంఘపు పత్రికలో ప్రకటించెను. పామర జనుల నోటిమాట శాస్త్రగ్రంథములకు ఎక్కుటకు ఇది నాంది.

ఆ తీరపు స్వభావము తెలియనిదే ఈ మాట బరువు తెలియదు. పెరూ భూమధ్యరేఖకు దాపుననున్నను అచ్చటి సముద్రము చల్లనిది. దక్షిణమునుండి హంబోల్టు ప్రవాహము చల్లని నీటిని తెచ్చుచుండును. తీరము వెంట వీచు గాలులు ఉపరితలపు నీటిని ఆవలికి త్రోయగా, ఆ ఖాళీని నింపుటకు సముద్రగర్భమునుండి మరింత చల్లని నీరు పైకుబుకును. ఆ నీటితోపాటు పోషకద్రవ్యములును పైకి వచ్చును. వాని వలన కంటికానని సూక్ష్మజీవులు, వానిని తిని ‘అంచొవేత’ అను చిన్న చేపలు, ఆ చేపలను తిని లక్షలాది సముద్రపక్షులు జీవించుచున్నవి. ఆ పక్షుల రెట్టయే గ్వానో అను ఎరువుగా 19వ శతాబ్దమున ఐరోపా పొలములకు ఓడలకెత్తినది. సముద్రము చల్లగానున్నంత కాలము తీరము వానలేని ఎడారి. కాని సముద్రము మాత్రము నిండుకొట్టు. సముద్రము వేడెక్కినదా, కథ తారుమారగును. పోషకములు పైకి రావు, చేపలు చెల్లాచెదరగును, పక్షులు ఆకలికి మాడును. ఎడారిపై మాత్రము కుంభవృష్టి కురియును.

చాల సంవత్సరములందు ఈ వెచ్చని ప్రవాహము బలహీనముగా వచ్చి, కొద్ది కాలముండి పోవును. ‘ఎల్ నీన్యో’ అను మాటకు మొదటి అర్థమిదియే: ఏటేటా వచ్చు ఒక చిన్న స్థానిక ప్రవాహము. దాని వలన ఎవరికిని భయము లేదు. కాని 1891లో అది అసాధారణ బలముతో వచ్చినది. ఉత్తర పెరూలో గొప్ప వానలు, వరదలు సంభవించినవి. లీమా భూగోళ సంఘాధ్యక్షుడు లూయీస్ కర్రాన్సా ఆ ప్రవాహమునకును ఆ వానలకును గల సంబంధమును గుర్తించెను. 1895లో లండనులో జరిగిన అంతర్జాతీయ భూగోళశాస్త్ర మహాసభలో ఫెదెరికో అల్ఫోన్సో పెసెత్ అను పెరూ దేశీయుడు ఈ విషయమును ప్రపంచ విద్వాంసుల ముందుంచెను. నాటినుండి మాటకు రెండవ అర్థము బలపడసాగినది: ఏటేటా వచ్చునది కాదు, కొన్నియేండ్ల కొకసారి వచ్చు అసాధారణపు వేడి. తడిసిన ఎడారిలో గడ్డి మొలచి పశువులకు మేత సమృద్ధిగా దొరకుటచే, పెరూలో ఇట్టి యేండ్లను సమృద్ధి సంవత్సరములని మెచ్చుకొన్నవారును కలరు. పండుగ పేరు పెట్టుకొన్న నావికుల దృష్టిలో అది శాపము కాదని ఇందువలన గ్రహింపవచ్చును.

ఇంతవరకు మాట పెరూ తీరము దాటలేదు. అది మన పొలములకు చేరిన త్రోవను తెలిసికొనుటకు ఇక మన దేశమునకు రావలెను. 1876లో దక్కను పీఠభూమిపై వానలు తప్పినవి. ధాత నామ సంవత్సరమున మొదలైన ఆ కాటకమును మన పెద్దలు ధాత కరువు అనిరి. 1876 నుండి 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప మొదలగు జిల్లాలు ఘోరముగా నష్టపడినవి. ఆ నడుమనే, 1877లో, పసిఫిక్ మహాసముద్రము మిక్కిలి వేడెక్కినదని పాత రికార్డులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున నిర్ణయించిరి. ఆకలిచావులకు వానలు తప్పుట ఒక్కటియే కారణము కాదు. నాటి ప్రభుత్వపు ధాన్య విధానము, సహాయపు లోపము కూడ కారణములే. ఐనను వానల రాకను ముందుగా తెలిసికొనవలెనను తపన ఆ కరువుతో తీవ్రమైనది.

1904లో గిల్బర్టు వాకర్ అను కేంబ్రిడ్జి గణితశాస్త్రవేత్త మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చి 1924 వరకు పనిచేసెను. ఆయన ప్రపంచమున పలుచోట్ల కొలిచిన గాలి పీడనము, వర్షపాతము, ఉష్ణోగ్రతల అంకెలను సమకూర్చి, గుమాస్తాల సహాయముతో చేతిలెక్కలు వేయించి, వాని నడుమ సంబంధములను వెదకించెను. పసిఫిక్ మహాసముద్రముపై పీడనము హెచ్చినప్పుడు హిందూ మహాసముద్రపు ప్రాంతమున తగ్గుచున్నది. అచ్చట తగ్గినప్పుడు ఇచ్చట హెచ్చుచున్నది. పిల్లలాడు తూగుడుబల్ల వలె ఒక కొన పైకి లేచినచో రెండవ కొన క్రిందికి దిగుచున్నది. దీనికాయన ‘దక్షిణ డోలనము’ అని పేరిడెను. మన రుతుపవనములను ముందుగా తెలిసికొనుటకై మొదలైన పరిశోధన భూగోళములో సగభాగమును ఆవరించిన రహస్యమును పట్టియిచ్చినది. కాని వాకరుకు ఆ డోలనము కనిపించినదే గాని, దానిని ఊపుచున్నదేదో తెలియలేదు.

ఆ రహస్యము విడుటకు ఇంకను చాల కాలము పట్టినది. 1957–58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగినది. అనేక దేశముల వారు ఒకే కాలమున సముద్రములను, గాలులను కొలిచిరి. సరిగా అప్పుడే బలమైన ఎల్ నీన్యో కూడ వచ్చినది. పెరూ తీరమున మాత్రమే యుండునని తలచిన వేడి, పసిఫిక్ నడుమ వరకు వేల మైళ్లు వ్యాపించియున్నట్లు ఆ కొలతలలో బయటపడినది. అమెరికాలో పనిచేయుచుండిన నార్వే శాస్త్రజ్ఞుడు జాకబ్ బ్యెర్క్‌నెస్ 1969లో ఈ రెండు దారములను కలిపి ముడివేసెను. నావికులు చెప్పిన వెచ్చని నీరు, వాకరు చెప్పిన పీడన డోలనము వేర్వేరు కావు. ఒకే సంగతికి రెండు ముఖములని ఆయన చెప్పెను.

సాధారణ కాలమున పసిఫిక్ మీద వ్యాపారపవనములు తూర్పునుండి పడమరకు వీచుచు, వెచ్చని నీటిని ఇండోనేషియా వైపునకు త్రోయుచుండును. అచ్చట సముద్రమట్టము పెరూ వైపుకంటె సుమారు అర మీటరు ఎత్తుగానుండును. ఆ వెచ్చని నీటిపై గాలి పైకి లేచి, మేఘములై వానలు కురియును. గాలులు బలహీనమైనచో, పోగుపడిన వెచ్చని నీరు తూర్పునకు మరలును. మేఘములును దాని వెంట తరలిపోవును. సముద్రము వేడెక్కిన కొలది గాలులు మరింత తగ్గును. గాలులు తగ్గిన కొలది సముద్రము మరింత వేడెక్కును. మేఘములు తూర్పునకు జరిగినందున ఇండోనేషియా మొదలుకొని మన దేశము వరకు గాలి పైకి లేచుటకు బదులు క్రిందికి దిగు ధోరణి కలుగును, వానలు మందగించును. నేడు శాస్త్రజ్ఞులు ‘ఎల్ నీన్యో’ అన్నప్పుడు ఉద్దేశించునది ఈ మూడవ అర్థమును: పసిఫిక్ మధ్య, తూర్పు భాగములు అసాధారణముగ వేడెక్కిన స్థితి. ఇది సాధారణముగ రెండు నుండి ఏడేండ్లకొకసారి వచ్చి, తొమ్మిది నెలలు మొదలు సంవత్సరము వరకు నిలిచి, డిసెంబరు ప్రాంతమున ఉచ్చస్థితి నందును.

దీనికొక కొలత కూడ ఏర్పడినది. పసిఫిక్ నడుమ భూమధ్యరేఖకు ఇరువైపుల 5 డిగ్రీల వెడల్పున, పశ్చిమ రేఖాంశము 170 నుండి 120 వరకు గల భాగమునకు ‘నీన్యో 3.4’ అని పేరు. అచ్చటి నీరు వాడుకలోనున్న సగటు కంటె 0.5 డిగ్రీ సెల్సియసు హెచ్చుగా కొన్ని మాసములు నిలిచినచో, అమెరికా వాతావరణ సంస్థ దానిని ఎల్ నీన్యో అనును. అర డిగ్రీ అన్న మన స్నానపు నీటిలో తేడా తెలియదు. కాని మహాసముద్రమంతటి విస్తీర్ణముపై అర డిగ్రీ అపారమైన వేడి. 1997–98లో ఈ హెచ్చు రెండు డిగ్రీలు దాటినది. దీనికి విరుద్ధముగ నీరు చల్లబడిన స్థితికి 1980 దశకమునుండి ‘లా నీన్యా’, అనగా ‘బాలిక’, అను పేరు స్థిరపడినది. అంతకు ముందు కొందరు ‘ఎల్ నీన్యో వ్యతిరేకము’ అని వ్రాసిరి. కాని ‘ఆ బాలుడు’ క్రీస్తు గదా! క్రీస్తు వ్యతిరేకియను అర్థము స్ఫురించునని ఆ పేరు పలువురకు రుచింపలేదు.

ఇచ్చటనే జాగ్రత్త వహింపవలసిన సంగతి యున్నది. పుట్టినింట మాట పాత అర్థమును విడువలేదు. పెరూ వారు తమ తీరపు నీటి వేడినే ప్రధానముగా చూచుకొందురు; తమ కొలతను తీరము చేరువనున్న జలములలో తీసికొందురు. 2017 తొలి నెలలలో పెరూ తీరపు నీరు అకస్మాత్తుగ వేడెక్కి, పియూరా మొదలగు ప్రాంతములు వరదలలో మునిగినవి. వందమందికి పైగా చనిపోయిరి. పెరూ వారు దానిని ‘తీరపు ఎల్ నీన్యో’ అనిరి. కాని ఆ కాలమున పసిఫిక్ నడిమి భాగము మామూలుగానే యున్నది. ప్రపంచపు కొలత ప్రకారము ఎల్ నీన్యో లేదు. ఆ సంవత్సరము మన నైరుతి రుతుపవనములు సగటులో 95 శాతము వానలిచ్చినవి. ఒకే మాట, లీమాలో వరద, ఇతర దేశముల వాతావరణ కేంద్రములలో ఏమియును లేదు! కనుక ఈ మాట వినగానే, ఏ సముద్రభాగమును గూర్చి చెప్పుచున్నారో మొదట అడుగవలెను.

ఇక మన సొంత అనుభవము. ఎల్ నీన్యో అన్న కరువే యని తలచుట సరికాదు. 1997లో వచ్చినది ఆ శతాబ్దపు అతి బలమైన వానిలో ఒకటి. ఐనను ఆ యేడు దేశమున వానలు సగటులో 102 శాతము కురిసినవి. హిందూ మహాసముద్రము కూడ పడమట వేడెక్కి, తూర్పున చల్లబడి, మన వానలకు తోడైనదని శాస్త్రజ్ఞులు తరువాత వివరించిరి. 2002లో వచ్చినది అంత బలమైనది కాదు. కాని జులై మాసమున కురియవలసిన దానిలో సుమారు సగమే కురిసి, మొత్తముపై వానలు సగటులో 81 శాతమునకు పడిపోయినవి. 2009లో 78 శాతమే. 2023లో మొత్తము 94 శాతమైనను, ఒక్క ఆగస్టు మాసము 1901 తరువాత అంత పొడిగా ఎన్నడును లేదు. కాబట్టి ఎల్ నీన్యో బలము వేరు, మన వాన లోటు వేరు. ఒకదానినుండి రెండవదానిని నేరుగా లెక్కగట్టుటకు వీలులేదు. ఎల్ నీన్యో కరువు అవకాశమును పెంచునే గాని, కరువును నిశ్చయము చేయదు.

అంతేకాదు. ఎల్ నీన్యో వచ్చినప్పుడు నైరుతి వానలు తగ్గు ధోరణి యున్నను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు దక్షిణ భారతమున కురియు ఈశాన్య రుతుపవనపు వానలు హెచ్చు ధోరణి కలదు. 2015లో బలమైన ఎల్ నీన్యో నడచినది. నైరుతి వానలు సగటులో 86 శాతమే. కాని అదే సంవత్సరము నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో వానలు ముంచెత్తినవి. చెన్నపట్టణపు వరదలు లోకవిదితము. ఒకే సంవత్సరమున, ఒకే పేరు క్రింద, జులైలో తెలంగాణ పత్తిరైతు ఆకాశము వైపు చూచుచుండగా, నవంబరులో నెల్లూరు రైతు పొలమునుండి నీరు బయటకు తోడుకొనవలసివచ్చినది. కాబట్టి రెండవ ప్రశ్న, ఏ ఋతువును గూర్చి? మూడవ ప్రశ్న, ఏ ప్రాంతమును గూర్చి?

మాటను వాడుటలో మరికొన్ని పొరపాట్లు కలవు. ‘ఎల్ నినో తుఫాను’ అని కొందరందురు. అది తుఫాను కాదు. నెలల తరబడి నిలుచు సముద్రస్థితి. ఏ యెండకైనను, ఏ వడగాడ్పుకైనను ‘ఎల్ నినో వలన’ అని చెప్పుట మరొక పొరపాటు. ఒక్కనాటి యెండకు ఒక మహాసముద్రమును సాక్ష్యమునకు పిలువనక్కరలేదు. ఇంకొక సంగతి: పెరూ వారి చేపల వృత్తాంతము. 1970లో వారు 1 కోటి 20 లక్షల టన్నులకు మించి అంచొవేతను పట్టిరి. 1972లో ఎల్ నీన్యో రాగా, 1973 నాటికి పట్టుబడి 20 లక్షల టన్నుల ప్రాంతమునకు కూలినది. నేరమంతయు సముద్రముపై వేయవచ్చును. కాని అంతకు ముందు మితిమీరి పట్టిన పడవల సంగతి దాచుటయగును. మన కరువుల విషయమునను ఇదియే హెచ్చరిక. చెరువులు పూడిపోయినను, బోరుబావులు ఎండినను, సకాలమున విత్తనము అందకపోయినను, ‘ఎల్ నినో’ అని చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. సముద్రము తెచ్చునది వానలోటు మాత్రమే. ఆ లోటు ఇంటి ఆకలిగా మారునా లేదా అనునది చాలవరకు మానవుల చేతిలోని పని.

మరి ఈ మాట రైతునకు నిష్ప్రయోజనమా? కాదు. 1982లో వచ్చిన గొప్ప ఎల్ నీన్యోను అది ముదురువరకు శాస్త్రజ్ఞులు గుర్తింపలేకపోయిరి. ఆ అనుభవముతో పసిఫిక్ పై సుమారు 70 తేలుబొయ్యలను నిలిపి, 1994 నాటికి ఆ వరుసను పూర్తిచేసిరి. నేడు కొన్ని నెలల ముందుగానే దాని రాకను చెప్పగలుగుచున్నారు. ఐనను మార్చి, ఏప్రిలు మాసములలో చెప్పు అంచనాలకు నమ్మకము తక్కువ. జూను దాటిన పిమ్మట చెప్పునవి బలమైనవి. కాబట్టి ఏప్రిలులో ఈ మాట వినినంతనే నాగలి మూలకు చేర్చనక్కరలేదు. వినలేదని అప్పుచేసి ఎకరములు పెంచనక్కరయు లేదు. ఏప్రిలు మాటను హెచ్చరికగా తీసికొని, మే నెలాఖరు సవరణను, నెలనెలా వచ్చు అంచనాలను, వారమునకు రెండు మారులు వెలువడు వ్యవసాయ వాతావరణ సూచనలను వినుచుండవలెను. వాన ఆలస్యమైనచో వేయదగిన తక్కువ కాలపు పంటల విత్తనము, కొఱ్ఱ వంటిది, కొంత చేతిలో ఉంచుకొనుట వివేకము.

వార్తలు చదువు మావంటివారికిని ఇందులో ఒక పాఠమున్నది. దూరదేశపు మాటను తెచ్చి ప్రజల నడుమ విడుచునప్పుడు, దాని కొలతను, హద్దులను కూడ వెంట తేవలెను. ‘ఎల్ నీన్యో వచ్చినది’ అని ఊరకొనక, ఏ సముద్రభాగమున, ఎంత బలముతో, ఏ ఋతువున, మన ఏ జిల్లాలపై ఎట్టి ప్రభావము కలుగవచ్చునో చెప్పవలెను. అట్లు చెప్పనిచో శ్రోతలు మమ్ము అడుగవలెను. పైతా నావికులు తమ సముద్రమును తాము చూచి, తమకు తెలిసిన మాటతో దానికి పేరిడిరి. మనము ఆ పేరును అరువు తెచ్చుకొన్నను, మన పొలముపై వాన కురిసినదో లేదో చూచుకొను చూపును మాత్రము అరువు తెచ్చుకొనలేము.